వీడియో అర్థమవుతుంది, రాయబోతే చెయ్యి ఆడదు: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ ఇంటి దగ్గర నుంచే వస్తుందా?

తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. నరసన్నపేటలో మందుల షాపులో పని. రాత్రి షాపు కట్టేశాకే ఖాళీ. బీఎస్సీ అయింది, సీ భాషలో లూపులు, ఫంక్షన్లు, అర్రేలు వచ్చు. ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సులో జావా మొదలుపెట్టి క్లాసులు (సమాచారాన్నీ దాని మీద చేసే పనులనూ కలిపి రాసే నమూనాలు), ఆబ్జెక్టుల (ఆ నమూనాతో తయారయ్యేవాటి) దగ్గర ఆగిపోయారు. వీడియో చూస్తున్నంతసేపూ తెలిసినట్టే ఉంటుంది, సొంతంగా రాయబోతే చెయ్యి ఆడదు. విశాఖ వెళ్లి కోచింగ్‌లో చేరాలా, ఇంటి దగ్గర నుంచే అవుతుందా, ఎన్నాళ్లు పడుతుంది?

అవుతుంది. ఉద్యోగం మానేసి విశాఖ వెళ్లక్కర్లేదు. వారానికి పది గంటలు నిజంగా కూర్చోగలిగితే ఆరేడు నెలలు పడుతుంది. అయితే ఇప్పుడు చదువుతున్న పద్ధతి మార్చాలి. కోర్సును అందులోని వీడియోలను బట్టి కాదు, అందులోని అభ్యాసాలను బట్టి ఎంచుకోండి. రాసిన కోడ్‌ను వెంటనే పరీక్షించి "ఇక్కడ తప్పింది" అని చెప్పే కోర్సు అయితేనే ఒంటరిగా చదివేవాడు నిలబడతాడు.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్తాను. అంతకుముందు హైదరాబాదులో జావా మీదే పనిచేశాను. మీరు చెప్పిన చోటే ఆగిపోయినవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తుంటాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సీలో ప్రోగ్రాం రాసేటప్పుడు మెయిన్‌లో మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఏం జరుగుతుందో వరసగా కనిపిస్తుంది. ఆబ్జెక్టులు వచ్చేసరికి ఆ వరస పోతుంది. ఎవరో పిలిచేదాకా ఏమీ చెయ్యని ముక్కలు రాస్తూ పోవాలి. అసలు కష్టం సింటాక్స్‌లో, అంటే భాష రాసే నియమాల్లో లేదు. ఏ సమాచారం ఏ క్లాసులో ఉండాలి, ఏ పని ఎవరు చెయ్యాలి అనే నిర్ణయంలో ఉంది. వీడియోలో ఆ నిర్ణయం మనకు కనిపించదు. మాస్టారు ముందే తేల్చుకుని వచ్చి, తేలినదాన్ని టైపు చేసి చూపిస్తారు. చూస్తుంటే నిజమే కదా అనిపిస్తుంది. ఖాళీ ఫైలు ముందు కూర్చున్నప్పుడు ఆ తేల్చుకోవడం మీ మీద పడుతుంది, చెయ్యి ఆగేది అక్కడే. కోచింగ్‌లో చేరినా ఇదే జరుగుతుంది. అక్కడ బోర్డు మీద చూస్తారు, ఇక్కడ ఫోన్లో చూస్తున్నారు, అంతే.

ఇక ఏ కోర్సు? మా పిల్లలకు నేను మొదట చెప్పేది ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ వాళ్ల జావా కోర్సు. ఉచితం. రెండు భాగాలుగా ఉంటుంది, మొత్తం పద్నాలుగు విభాగాలు. క్లాసులు, ఆబ్జెక్టులు నాలుగో విభాగంలో మొదలవుతాయి, ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసు పుట్టడం), ఇంటర్‌ఫేస్‌లు (క్లాసు ఏ పనులు చెయ్యాలో చెప్పే ఒప్పందాలు) తొమ్మిదోది దాకా రావు. ఆ ఆలస్యం కావాలని పెట్టిందే, మంచిదే. ఒక్కో భాగాన్ని 5 ఐరోపా క్రెడిట్ల పనిగా లెక్కకట్టారు. ఫిన్లాండ్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే దాదాపు 27 గంటల పని, అంటే రెండు భాగాలకూ కలిపి 270 గంటలు. వారానికి పది గంటల చొప్పున 27 వారాలు. ఆరేడు నెలలని పైన చెప్పింది అందుకే. "ముప్పై రోజుల్లో జావా" అని ఎవరైనా పోస్టరు వేస్తే, రోజుకు తొమ్మిది గంటలు కూర్చోబెడతారా అని అడగండి.

ఆ కోర్సులో మనవైపు వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. అది వీడియోల కోర్సు కాదు, పాఠం దాదాపు అంతా చదువుకునే రూపంలోనే ఉంటుంది. ఉద్దానం ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు తెలియనిది కాదు. పాఠం పేజీకి డేటా పెద్దగా అవ్వదు, అభ్యాసాలు ఒకసారి కంప్యూటర్లోకి దింపుకుంటే నెట్ లేకపోయినా రాసుకుని అక్కడే పరీక్షించుకోవచ్చు. నెట్ కావాల్సింది పంపేటప్పుడే. ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది, మొదటి రెండు వారాలు నెమ్మదిగా సాగుతుంది, తర్వాత అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి.

సర్టిఫికెట్ మీద మన కాలేజీల్లో విలువ కావాలంటే ఎన్‌పీటెల్, అంటే ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల జావా కోర్సు పన్నెండు వారాలది, కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్లో జనవరి, జులై సెమిస్టర్లలో కోర్సులు మొదలవుతాయి. చేరడం, చూడడం ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. గడువు దాటితే ఆ వారం అసైన్‌మెంటు పోయినట్టే, షాపులో పండగ రద్దీ ఉన్న నెలలు చూసుకుని చేరండి. నా అభిప్రాయం అడిగితే, చెయ్యి తిరగడానికి హెల్సింకి, కాగితానికి ఎన్‌పీటెల్. రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు.

ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ బీఎస్ గురించి కూడా అడిగారు. అది 2020లో మొదలైంది, మంచి చదువు, కానీ అది డిగ్రీ. క్వాలిఫయర్ అనే ప్రవేశ దశ గట్టెక్కాలి, తర్వాత ఫౌండేషన్ దశలో గణితం, స్టాటిస్టిక్స్, పైథాన్ దాటాలి. జావా డిప్లొమా దశలో వస్తుంది. ఆబ్జెక్టులు నేర్చుకోవడం కోసమే దానిలో చేరడం దూరపు దారి. డేటా సైన్స్ వైపు వెళ్లాలని ఉంటే అది వేరే మాట.

ఇప్పుడు అసలు విషయం. పలాస నుంచి వచ్చే ఒక కుర్రాడి ప్రోగ్రాం మీద చెప్తాను, వాళ్లింట్లో ఉద్దానం రైతుల దగ్గర జీడిపిక్కలు కొంటారు. 80 కిలోల బస్తా లెక్కన కొనుగోలు, కొంత సొమ్ము వెంటనే, మిగతాది తర్వాత. ఆ లెక్కకు ప్రోగ్రాం రాశాడు. రైతుల పేర్లకు ఒక అర్రేలిస్ట్ (జావాలో పెరిగే, తగ్గే జాబితా), బస్తాలకు ఒకటి, ఇవ్వాల్సిన బాకీలకు ఒకటి. మూడింటిలోనూ ఏడో స్థానంలో ఉన్నది ఏడో రైతుది. బాగానే నడిచింది. ఒకరోజు ఒక రైతు లెక్క తేలిపోతే పేరు తీసేశాడు, బస్తాలు తీసేశాడు, బాకీల లిస్టులో తియ్యలేదు. ఆ కింద ఉన్నవాళ్లందరి బాకీలూ ఒక మెట్టు జరిగిపోయాయి. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద చూపిస్తోంది.

క్లాస్ ఎందుకు కావాలో ఆ సాయంత్రం వాడికి నేను చెప్పాల్సిన పని పడలేదు. పేరు, బస్తాలు, బాకీ కలిసి ఒక మనిషివి, కలిసే కదలాలి. రైతు అని ఒక క్లాస్ రాసి ఆ మూడూ అందులో పెట్టాడు, మూడు లిస్టులు పోయి ఒకటే మిగిలింది. అందుకే చెప్తున్నాను, క్లాస్ లేకుండా ఒక చిన్న ప్రోగ్రాం రాసి, అది ఇబ్బంది పెట్టేదాకా పెంచండి. ఆ ఇబ్బంది ఒకసారి చూడకుండా ఎన్‌క్యాప్సులేషన్ (సమాచారాన్నీ దాని పనులనూ ఒకచోట కట్టి కాపాడడం) నిర్వచనం ఎన్నిసార్లు చదివినా అది నిర్వచనంగానే మిగిలిపోతుంది.

వాడి తర్వాతి పేచీ ఇంకా మంచిది. లూపు బయట ఒక్క రైతు ఆబ్జెక్టును సృష్టించి, లూపు లోపల పేరు మార్చుకుంటూ అదే ఆబ్జెక్టును లిస్టులో వేస్తున్నాడు. పదిమంది పేర్లు ఇచ్చాడు, ప్రింట్ చేస్తే పదిసార్లూ చివరి రైతు పేరే. "ఏటి మాస్టారూ, అందరూ ఒకడే అయిపోనారు" అన్నాడు. నిజంగానే ఒకడే. లిస్టులో ఉన్నవి పది ఆబ్జెక్టులు కావు, ఒకే ఆబ్జెక్టును చూపించే పది బాణాలు. జావాలో ఆబ్జెక్టును పట్టుకునే వేరియబుల్ లోపల ఆబ్జెక్టు ఉండదు, అది ఎక్కడుందో చెప్పే రిఫరెన్స్ ఉంటుంది. ఆబ్జెక్టును సృష్టించే న్యూ అన్న మాటను లూపు లోపలికి తెస్తే తిరిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు పుడుతుంది.

ఇది కాగితం మీద గీసుకోవాల్సిన విషయం. ఎడమవైపు వేరియబుళ్ల పేర్లు, కుడివైపు గళ్లు, మధ్యలో బాణాలు. ఒక్కో లైనుకూ బొమ్మ మార్చండి. కంప్యూటర్ కట్టేసి గియ్యండి. నా అనుభవంలో ఈ బొమ్మ గియ్యగలిగినవాడు ఆబ్జెక్టుల గండం దాటినట్టే, సింటాక్స్ ఎంత మరచిపోయినా సరే. రెండు సమాన గుర్తులు (==) పెట్టి స్ట్రింగులు పోల్చకూడదు, ఈక్వల్స్ మెథడ్ (మెథడ్ అంటే క్లాసులో రాసే ఫంక్షన్) వాడాలి అని ఎందుకంటారో కూడా అదే బొమ్మలో కనిపిస్తుంది. ఆ గుర్తు ఆబ్జెక్టుల మధ్య బాణాలనే పోలుస్తుంది, లోపలి అక్షరాలను కాదు. ఇంటిజర్ (పూర్ణాంకాన్ని దాచే) ఆబ్జెక్టులతో ఇంకా తమాషా ఉంది. రెండింటిలోనూ 100 పెట్టి పోలిస్తే సమానం అంటుంది, 200 పెట్టి పోలిస్తే మామూలుగా కాదంటుంది. మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న ఆబ్జెక్టులను జావా ముందే తయారుచేసి దాచుకుని మళ్లీ మళ్లీ అవే ఇస్తుంది. చేసి చూడండి.

ప్రైవేట్ సంగతికి వద్దాం. ప్రతి ఫీల్డూ, అంటే క్లాసులో పెట్టిన ప్రతి వేరియబులూ, ప్రైవేట్ చెయ్యమని, అంటే బయటి కోడ్ నేరుగా ముట్టుకోకుండా చెయ్యమని కోర్సు చెప్తుంది. వెంటనే ఎడిటర్లో ఒక బటన్ నొక్కితే అన్నింటికీ గెట్టర్లు (విలువ చదివే మెథడ్లు), సెట్టర్లు (విలువ మార్చే మెథడ్లు) వచ్చేస్తాయి. తలుపుకు తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. బాకీని ఎవరైనా ఎంతకైనా మార్చగలిగితే అది ప్రైవేట్ అయి ఏం లాభం? ప్రోగ్రాం బయట వ్యాపారంలో బాకీ ఎలా మారుతుందో ఆలోచించండి. సరుకు తీసుకుంటే పెరుగుతుంది, సొమ్ము చెల్లిస్తే తగ్గుతుంది, ఇంకో దారి లేదు. కాబట్టి రైతు క్లాసులో సరుకు తీసుకునే మెథడ్, సొమ్ము చెల్లించే మెథడ్ ఉండాలి, బాకీకి సెట్టర్ ఉండకూడదు. చెల్లింపు బాకీ కంటే ఎక్కువైతే ఒప్పుకోకూడదన్న నియమం కూడా ఆ మెథడ్ లోపలే. ప్రతి ఫీల్డు దగ్గరా అడగాల్సిన ప్రశ్న: దీన్ని మార్చే హక్కు ఎవరికి ఉంది? నాకైతే ఈ సబ్జెక్టు మొత్తంలో ఇదే ముఖ్యమైన ప్రశ్న.

(డబ్బును డబుల్ అనే దశాంశ సంఖ్యల టైపులో పెట్టొద్దు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచండి.)

ఇన్‌హెరిటెన్స్ దగ్గర అందరూ ఉత్సాహపడతారు. జంతువు, దాని కింద కుక్క, పిల్లి అన్న ఉదాహరణ చూసి ప్రపంచమంతా అలాగే కనిపిస్తుంది. ఆ కుర్రాడు పప్పు గ్రేడులకు క్లాసులు రాసుకొచ్చాడు. డబ్ల్యూ 180కి ఒకటి, 210కి, 240కి, 320కి ఒక్కోటి, అన్నీ జీడిపప్పు క్లాసుకు పిల్లలు. ఆ అంకె ఒక పౌండుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్తుంది, 180 పెద్దది, 320 చిన్నది. ఈ నాలుగు క్లాసుల్లో మారుతున్నదేమిటి? అంకె, ధర. చేసే పనిలో ఏ తేడా లేదు. అయితే అవి క్లాసులు కావు, ఒకే క్లాసులో రెండు ఫీల్డులు. విలువ మాత్రమే మారితే ఫీల్డు, ప్రవర్తన మారితేనే వేరే క్లాసు. ఈ ఒక్క పరీక్ష పెడితే కొత్తవాళ్లు రాసే ఇన్‌హెరిటెన్స్‌లో చాలా భాగం ఎగిరిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద మాత్రం సమయం పెట్టండి, ఉద్యోగంలో మీరు రోజూ చూసేది అదే.

స్టాటిక్ (ఆబ్జెక్టు అక్కర్లేకుండా క్లాసుకే చెందినది) గురించి రెండు మాటలు. మెయిన్ స్టాటిక్ కాబట్టి అందులోంచి మామూలు మెథడ్‌ను నేరుగా పిలిస్తే కంపైలర్ ఒప్పుకోదు, నాన్-స్టాటిక్ మెథడ్‌ను స్టాటిక్ చోటు నుంచి పిలవలేవు అంటుంది. ఎడిటర్ "స్టాటిక్ చెయ్యమంటావా" అని సలహా ఇస్తుంది. చెయ్యొద్దు. ఒకదానికి పెడితే ఇంకోదానికి పెట్టాల్సొస్తుంది, సాయంత్రానికి మళ్లీ సీ ప్రోగ్రామే రాసినట్టవుతుంది. మెయిన్‌లో ఆబ్జెక్టు సృష్టించి, దాని మీద మెథడ్ పిలవండి.

ఎర్రర్లు వస్తే భయపడి కట్టేయడం మనవాళ్లకు అలవాటు. మొదట లైను నంబరు చూడండి, మాటలు తర్వాత. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఏ ఆబ్జెక్టునూ చూపించని రిఫరెన్స్‌ను వాడితే వచ్చే ఎర్రర్) వస్తే, జావా 15 నుంచి ఏది నల్ అయిందో సందేశంలోనే చెప్తుంది. చాలామంది చదవరు.

ఇప్పటి పిల్లలకు ఇంకో ప్రమాదం ఉంది. అభ్యాసాన్ని చాట్‌బాట్‌కు ఇస్తే నిమిషంలో రాసిస్తుంది, టెస్టులన్నీ పచ్చగా వస్తాయి. మీ సమస్యే చెయ్యి ఆడకపోవడం, ఇంకొకరి చేత్తో రాయిస్తే అది పోదు. ఎర్రర్‌కు అర్థం అడగండి, మీరు రాసిన కోడ్‌లో లోపం అడగండి, కోడ్ మాత్రం అడగొద్దు. నలభై నిమిషాలు కొట్టుకున్నా తెమలకపోతే ఆ అభ్యాసం వదిలి తర్వాతదానికి వెళ్లండి. రేపు రాత్రి వస్తుంది. హెల్సింకిలో మీ జవాబు సరైనదని తేలాక వాళ్ల నమూనా జవాబు తెరుచుకుంటుంది, దాన్ని మీదానితో పక్కపక్కన పెట్టి చదవండి. అక్కడ నేర్చుకునేది తక్కువేమీ కాదు.

నాలుగు స్తంభాలు (ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్) అని ఇంటర్వ్యూల్లో అడుగుతారు కదా అంటారు. అడుగుతారు. ఇంటర్వ్యూ ముందు వారం చదువుకోండి. ఆబ్జెక్టుల ఆలోచన మొదలైందే ఆ నిర్వచనాల నుంచి కాదు. 1960లలో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిములేషన్ పనుల కోసం సిములా భాష చేశారు. నిజంగా ఉన్నవాటిని, అవి చేసే పనులను కంప్యూటర్లో నడిపించి చూడడం వాళ్ల అవసరం. క్లాసులు, ఆబ్జెక్టులు సిములా 67లో వచ్చాయి, 2001 ట్యూరింగ్ అవార్డు వాళ్లిద్దరికీ ఇచ్చింది ఈ పనికే.

జావా బదులు పైథాన్ చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు, హెల్సింకిలో అదీ ఉంది, ఆబ్జెక్టులు ఎనిమిదో విభాగం నుంచి. మీకు సీ వచ్చు కాబట్టి జావాలో టైపులు అడ్డంగా అనిపించవు, పైగా ప్రైవేట్ అన్నదాన్ని జావా కచ్చితంగా అమలు చేస్తుంది. మొదలుపెట్టినదే కొనసాగించండి.

చివరగా, మీకు చేతి దగ్గరే మంచి ప్రోగ్రాం ఉంది: మీ షాపు. నాలుగు, అయిదు విభాగాలు అయ్యాక రాయండి. మందు అని ఒక క్లాస్ సరిపోతుందనిపిస్తుంది, సరిపోదు. ఒకే మందుకు రెండు మూడు బ్యాచ్‌లు ర్యాకులో ఉంటాయి, ఒక్కోదానికి బ్యాచ్ నంబరు వేరు, ఎక్స్‌పైరీ వేరు, ధర కూడా వేరు కావచ్చు. అయితే ఎక్స్‌పైరీ తేదీ ఎవరిది, మందుదా, బ్యాచ్‌దా? స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు అమ్ముతారు, మరి నిల్వను స్ట్రిప్పుల్లో లెక్కపెట్టాలా, మాత్రల్లోనా? పదిహేను మాత్రలు అడిగితే, ముందు ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్‌లో ఆరే ఉంటే మిగతా తొమ్మిది తర్వాతి బ్యాచ్‌లోంచి తియ్యాలి. ఈ పని ఏ క్లాసు చెయ్యాలి? బ్యాచ్‌కు పక్క బ్యాచ్ గురించి తెలియదు. తేదీలకు లోకల్‌డేట్ అన్న క్లాస్ జావాలోనే ఉంది, స్ట్రింగుగా దాచొద్దు.

కోడ్ రాసేముందు ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. మందు, బ్యాచ్ రెండు క్లాసులూ రాశాక ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను. మీ లాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతో కూడా రాయండి. 4 జీబీ అయితే పెద్ద ఎడిటర్ల జోలికి పోకుండా వీఎస్ కోడ్‌లో హెల్సింకి వాళ్ల ఎక్స్‌టెన్షన్ వేసుకోవడం మేలు.